బల్లి పలకని ఆదివారం

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవి అనుకున్నారు? పొడవు మూడు జానలు, ఎత్తు రెండు జానలు. నవ్వకండి. నాలుగు వైపులా గాజు, మధ్యలో నీళ్ళు, అడుగున ఇసక, ఇసకలో మూడంటే మూడు మొక్కలు. మనకి అది గాజుతొట్టి. అందులో ఉండేవాళ్ళకి మాత్రం అది అడవే.

ఆ అడవి తణుకులో ఒక మేడమీది గదిలో, గోడవారన పాత టేబుల్ మీద ఉండేది. ఆ గదిలో హైమావతి అనే అమ్మాయి అద్దెకుండేది. బట్టల కొట్లో ఉద్యోగం. ఊరికి కొత్త. రోజంతా కొట్లో వచ్చినవాళ్ళందరికీ "ఈ రంగు చూడండి, ఆ అంచు చూడండి" అని గొంతు పోయేలా చెప్పేది. గదికొచ్చి తలుపు వేసుకుంటే పలకరించడానికి మనిషి ఉండేది కాదు. అందుకని తనతో తనే పైకి మాట్లాడుకునేది. "అన్నం వండుకోనా? వద్దులే, పొద్దుటిది ఉందిగా" అనుకునేది. ఒంటరిగా ఉండేవాళ్ళకి ఈ అలవాటు తొందరగా వస్తుంది.

గాజుతొట్టిని ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసి వెళ్ళారు. హైమావతి దాన్ని కడిగి, తుడిచి, ఎండలో పెట్టింది. గదిలో ఏదో ఒకటి కదులుతూ ఉంటే బాగుంటుందనుకుంది. చేపల కొట్టు బాషా గారి దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పింది.

"ఎక్కువ ఖర్చు పెట్టలేనండి. కానీ నాకు ప్లాస్టిక్ మొక్కలొద్దు. బతికున్నవే కావాలి."

"ఖర్చుతో మొక్కలు బతకవమ్మా" అన్నారు బాషా గారు. "తొట్టి అడుగున పూలకుండీ మట్టి పల్చగా పరవండి. దాని మీద కడిగిన ఇసక పొయ్యండి. పిల్లలు చదువుకునే టేబుల్ లైటు ఉందా? అది చాలు. కుళాయి నీళ్ళు బకెట్లో ఒకరోజు నిలవుంచి పొయ్యండి. మోటారూ వద్దు, మందులూ వద్దు."

అలా అంటూనే తన తొట్టిలోంచి రిబ్బన్లలాంటి పొడుగాకులున్న మొక్కలు మూడు తీసి, తడి కాగితంలో చుట్టి ఇచ్చారు.

"మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. లైటు రోజుకి ఆరు గంటలు, అంతకు మించి వెయ్యకండి. మేత పూటకి నాలుగు గింజలు, అంతకు మించి వెయ్యకండి. ఇక మూడోది. కొత్త నీళ్ళలోకి వెళ్ళాక ఈ ఆకులు కుళ్ళిపోతాయి. కంగారుపడి పీకెయ్యకండి. వేరు బతికే ఉంటుంది. నెల్లాళ్ళు దాని మానాన దాన్ని వదిలెయ్యండి."

హైమావతి మూడు మాటలకీ తల ఊపింది. తల ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు.

మొక్కలతో పాటు ఒక నీలం చేపని కూడా తెచ్చుకుంది. తోకా రెక్కలూ కుచ్చిళ్ళ పరికిణీలా ఉండేవి. ఆ జాతి చేపలకి తమలాంటి ఇంకో చేప కనిపిస్తే చాలు, కొట్టుకు చస్తాయి. అందుకని ఒక్కదాన్నే ఉంచాలి. పాపం, దానికది ఇష్టమా అని ఎవరూ అడగరు.

ఒక ఆకు కింద అతుక్కుని, పిలవకుండానే ఒక నత్త కూడా వచ్చింది. వయసు మళ్ళిన నత్త. నీలం చేప దాన్ని మొదటిరోజే "నత్త పిన్నీ" అని పిలిచేసింది.

ఇక ఆ గదిలో వీళ్ళందరికంటే ముందునుంచీ ఉంటున్న ప్రాణి ఒకటుంది. అదే బల్లి.

గోడ మీద క్యాలెండరు వెనక దాని కాపురం. కాపురమంటే ఏముంది, అదొక్కతే. గుడ్డులోంచి బయటికొచ్చిన రోజునుంచి మరో బల్లి మొహం చూసి ఎరగదు. అప్పుడప్పుడు గోడకి కరుచుకుని "టిక్ టిక్ టిక్" అనేది. బల్లుల భాషలో ఆ మాటకి అర్థం "ఎవరైనా ఉన్నారా?" అని. ఎవరూ ఉండేవారు కాదు. జవాబు వచ్చేది కాదు.

మనుషులు మాత్రం ఆ చప్పుడుకి వేరే అర్థం చెప్పుకుంటారు, మీకు తెలుసుగా. మనమేదైనా అంటున్నప్పుడు బల్లి పలికిందంటే ఆ మాట నిజమని లెక్క. హైమావతి వాళ్ళమ్మకి ఆ నమ్మకం. అమ్మ నుంచి అమ్మాయికొచ్చింది. బల్లి పలికితే చాలు, వేలితో టేబుల్ మీద మూడుసార్లు తట్టి "సత్యం, సత్యం" అనేది. అని, గోడవైపు తిరిగి బల్లిని చూసి నవ్వేది.

బల్లికి ఆ నవ్వు బాగా నచ్చింది. ఎందుకు నచ్చదు చెప్పండి? పుట్టినప్పటినుంచి దాన్ని చూసినవాళ్ళంతా చీపురే ఎత్తారు. ఈ అమ్మాయి ఒక్కతే నవ్వింది.

పగలు హైమావతి కొట్టుకి వెళ్ళిపోయాక బల్లి గోడ దిగి తొట్టి వెనక గాజుకి పొట్ట ఆనించి నిలబడేది. నీలం చేప లోపలినుంచి దగ్గరికొచ్చేది.

"బల్లక్కా, బయట ఎండగా ఉందా?"

"ఊ" అనేది బల్లి.

"బల్లక్కా, నా తోక బాగుందా?"

"ఊ."

"వాన పడుతోందా?"

"ఊ."

"ఎండగా ఉందన్నావుగా ఇప్పుడే!" అని చేప నవ్వేది. బల్లి కూడా నవ్వేది. అది ఎవరేమన్నా ఊ అనేది. కాదంటే మాట తెగిపోతుందనీ, మాట తెగితే చేప అటు తిరిగి వెళ్ళిపోతుందనీ దాని భయం. అవతలివాళ్ళు వెళ్ళిపోతారేమోనన్న భయం చాలా చెడ్డది. లోపల చేరితే ఒక పట్టాన వదలదు.

నత్త పిన్నికి ఈ వరస నచ్చలేదు. "అన్నిటికీ ఊ అంటే ఎలాగమ్మా? నీ మాట నమ్మేదెలా?" అంది ఒకరోజు.

"ఊ" అంది బల్లి.

నత్త నెమ్మదిగా నడిచేది కానీ చాలా చూసింది. బాషా గారి దగ్గరికి రాకముందు ఒక పెద్దింటి తొట్టిలో ఉండేదట. ఆ కథ ఒక మధ్యాహ్నం చెప్పింది. "ఆ ఇంట్లో మొక్కలు వాడాయని, పూలకుండీలకి వేసే తెల్ల గుళికలు తెచ్చి నీళ్ళలో వేశారు. నేల మొక్కలకి అది అన్నం. నీళ్ళలో ఉన్నవాళ్ళకి విషం. సాయంత్రానికి పదకొండు చేపలు వెల్లకిలా తేలాయి. నేను గాజు పట్టుకుని పైకి పాకి, నీళ్ళ బయట ఒళ్ళు ఎండగట్టుకుని బతికాను. ఆ ఇంట్లో చివరికి మిగిలింది నేనొక్కదాన్నే."

చేప వణికిపోయింది. బల్లి కూడా విన్నది. విన్నదని గుర్తుంచుకోండి. తర్వాత పని పడుతుంది.

మొదటివారం అయ్యాక ఒక సాయంత్రం హైమావతి టేబుల్ లైటు ఆర్పబోయి ఆగింది.

"బాషా గారు ఆరు గంటలే అన్నారు. మొక్కలకి వెలుతురు ఎంతుంటే అంత మంచిది కదా? పొద్దుట్నుంచి నేను పడుకునేదాకా ఉంచేస్తే?"

లైటు ఉంటే దాని చుట్టూ పురుగులు ముసురుతాయి. పురుగులు ముసిరితే బల్లికి పండగ. పైగా హైమావతి ఎవరైనా జవాబు చెబుతారేమోనన్నట్టు గదంతా చూస్తోంది.

"టిక్ టిక్ టిక్" అంది బల్లి.

"సత్యం, సత్యం" అంది హైమావతి. బల్లిని చూసి నవ్వింది. లైటు ఆర్పలేదు.

ఆరోజునుంచి బల్లి కడుపునిండా తిన్నది. పది రోజులు తిరిగేసరికి గాజు మీద పల్చగా పచ్చటి పాకుడు పట్టింది.

మూడోవారంలో బాషా గారు చెప్పినట్టే ఆకులు గాజుకాగితాల్లా పల్చబడి, కొసలనుంచి కుళ్ళడం మొదలుపెట్టాయి. హైమావతి మొహం వేలాడేసుకుంది. మొక్కలకి ఏంచెయ్యాలో తోచక చేప మీద పడింది.

"ఇదీ నీరసంగా ఉన్నట్టుంది. నాలుగు గింజలు ఏం చాలుతాయి పాపం! గుప్పెడు వేస్తే?"

చేప బొజ్జ నిండే ఉంది. అది గాజు దగ్గరికొచ్చి "వద్దని చెప్పు బల్లక్కా, నాకు వద్దు" అంది.

బల్లి చేపని చూసింది. హైమావతి గోడవైపు తిరిగింది.

"టిక్ టిక్ టిక్."

"సత్యం, సత్యం." మళ్ళీ ఆ నవ్వు.

తినగా మిగిలిన గింజలు ఇసకలో పడి కుళ్ళాయి. లైటు ఎక్కువ, కుళ్ళు ఎక్కువ. పాకుడుకి ఇంకేం కావాలి? గాజు మీదినుంచి ఇసక మీదికి, ఇసక మీదినుంచి మొక్కల మీదికి పాకింది.

ఇక మూడోది చెప్పాలంటే నాకు నోరు రావడంలేదు. అయినా చెప్పాలి.

నత్త పిన్ని ఆ రోజుల్లో పగలూ రాత్రీ పనిచేసేది. కుళ్ళిన ఆకులే తినేది. బతికున్న ఆకు జోలికి పోయేది కాదు. "కుళ్ళింది తీసేస్తే నీళ్ళు పాడవ్వవు. వేళ్ళు బాగానే ఉన్నాయి. నేను చూశాను. తెల్లటి కొత్త వేళ్ళు కూడా వేశాయి. కాస్త ఓపిక పట్టాలంతే" అని చేపకీ బల్లికీ చెప్పేది. చెబుతూనే తినేది.

ఒక ఉదయం హైమావతి వంగి చూసేసరికి ఆకు సగం లేదు. ఆ సగం ఆకు మీద నత్త ఉంది.

"అమ్మ దొంగా! నువ్వా నా మొక్కల్ని తినేస్తున్నది?"

నత్త కొమ్ములు లోపలికి లాక్కుంది. చేప గాజు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. బల్లికి నిజం తెలుసు. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, హైమావతి ఇంకోసారి ఆలోచించేది. అంత చిన్న పని.

హైమావతి గోడవైపు చూసింది. "ఇదే కదూ తినేస్తున్నది?"

అలవాటైన నోరు. "టిక్ టిక్ టిక్" అనేసింది.

"సత్యం, సత్యం."

చెంచాతో నత్తని తీసి కిటికీలోంచి కింద మురుగుకాలవలో పడేసింది హైమావతి. చిన్న చప్పుడైంది. హైమావతి దాన్ని పట్టించుకోలేదు కానీ బల్లికీ చేపకీ వినిపించింది.

ఆ మధ్యాహ్నం బల్లి తొట్టి వెనక్కి వచ్చింది. చేప చాలాసేపటికి గానీ దగ్గరికి రాలేదు.

"ఎందుకు పలికావు?"

"అడిగింది" అంది బల్లి.

"నీకు తెలుసుగా పిన్ని తిన్నది కుళ్ళిన ఆకులేనని."

"నావైపు చూసి అడిగింది" అంది బల్లి. 

చేప వెనక్కి తిరిగింది. మొక్కల వెనక్కి వెళ్ళి పడుకుంది.

గాజు తుడిచేవాళ్ళెవరు ఇక? కాస్తో కూస్తో పాకుడు గీకేది నత్తే. వారం తిరక్కుండా గాజు పచ్చగా అయిపోయింది. ఆపైన ముదురు పచ్చ. ఆపైన గోడ కట్టినట్టు అయింది. బల్లి రోజూ వెళ్ళి గాజుకి పొట్ట ఆనించి నిలబడేది. లోపల చేప ఉందో లేదో తెలిసేది కాదు. "నీలం చేపా!" అని పిలిచేది. "నీ తోక చాలా బాగుంది" అనేది. లోపలినుంచి మాట వచ్చేది కాదు. తనకి చేప మీద కోపం లేదని చెప్పాలనిపించేది. కోపం రావలసింది చేపకి కదా అని గుర్తొచ్చి ఊరుకునేది.

లైటు దగ్గర పురుగులు రోజూ ముసురుతూనే ఉన్నాయి. బల్లికి కడుపు నిండేది. కానీ తిన్నది ఒంటికి పట్టేది కాదు. క్యాలెండరు వెనక చేరి, "నేను పోగొట్టుకున్నది నా నోటితోనే పోగొట్టుకున్నాను" అనుకుని ఏడ్చేది. బల్లులు ఏడుస్తాయా అని అడక్కండి. ఈ బల్లి ఏడ్చింది.

హైమావతి పరిస్థితీ అంతకంటే గొప్పగా లేదు. గదికి రాగానే తొట్టికేసి చూసి మొహం తిప్పుకునేది. "కదిలేదేదో ఒకటి ఉంటుందనుకుంటే ఇదీ ఇంతే అయింది" అని ఒకరోజు వాళ్ళమ్మతో ఫోన్లో అంది. "బాగానే ఉన్నానమ్మా, తింటున్నాను" అని కూడా అంది. బల్లి అప్పుడు పలకలేదు. అది నిజం కాదని దానికి తెలుసు.

అలా ఒక ఆదివారం వచ్చింది.

మధ్యాహ్నం కింది వాటాలో ఉండే ఇల్లుగలావిడ రాజ్యలక్ష్మి గారు ఒక చిన్న డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"ఏంటమ్మాయ్, నీ తొట్టి చెరువైపోయింది?"

"మొక్కలు చచ్చిపోయినట్టున్నాయండి. ఏం చేసినా లేవట్లేదు."

"బలం లేక. ఇదిగో, మా గులాబీలకి వేసే గుళికలు. చూశావుగా ఇంతింత పూస్తున్నాయి! డబ్బులు పోసి ఏవీ కొననక్కర్లేదు. ఓ చారెడు పడెయ్, వారానికి లేచి కూర్చుంటాయి" అని డబ్బా టేబుల్ మీద పెట్టి, పొయ్యి మీద పాలున్నాయని గబగబా దిగిపోయారు. ఆవిడ మంచి మనసుతోనే ఇచ్చారు. నీళ్ళ సంగతి ఆవిడకి తెలీదు.

హైమావతి డబ్బా మూత తీసింది. తెల్ల గుళికలు.

క్యాలెండరు కిందనుంచి బల్లి చూసింది. నత్త పిన్ని మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. సాయంత్రానికి పదకొండు చేపలు. ఇక్కడున్నది ఒకటే చేప.

హైమావతి గుప్పిట్లోకి గుళికలు ఒంపుకుంది. చెయ్యి నీళ్ళ మీదికి తీసుకెళ్ళింది. పాకుడు సందులోంచి ఒక నీలం రెక్క కనిపించింది. మేత వేస్తున్నారేమోనని చేప పైకి వస్తోంది.

"వెయ్యనా? వేస్తే మొక్కలు లేస్తాయా?" అని గోడవైపు తిరిగింది హైమావతి.

సరిగ్గా అప్పుడు, పిల్లలూ, ఒక చిత్రం జరిగింది.

కిటికీ అవతల, వీధికి అటుపక్క పెంకుటింటి చూరు కిందనుంచి, ఫ్యాను చప్పుడులో మనిషి చెవికి అందనంత సన్నగా, ఒక గొంతు వినిపించింది.

"టిక్ టిక్ టిక్."

 ఇంకో బల్లి! పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి ఇంకో బల్లి గొంతు వింటోంది. "ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతోంది అది. ఎన్నేళ్ళుగా తాను అడుగుతున్న మాటే!

"ఉన్నాను, ఇక్కడున్నాను" అని చెప్పడానికి ఒక్క "టిక్ టిక్ టిక్" చాలు. కానీ అదే చప్పుడు ఈ గదిలో "వెయ్యి" అవుతుంది.

బల్లి నోరు తెరిచింది. నీలం రెక్క మళ్ళీ కనిపించింది. నోరు మూసింది.

చూరు కిందనుంచి రెండోసారి పిలుపు వచ్చింది. "టిక్ టిక్ టిక్."

బల్లి కాళ్ళు నాలుగూ గోడకి అదిమిపెట్టింది. గొంతు తనంతట తనే కదిలింది. పళ్ళు బిగబట్టి మింగేసింది. హైమావతి ఇంకా చూస్తూనే ఉంది. చెయ్యి ఇంకా నీళ్ళ మీదే ఉంది.

మూడోసారి పిలుపు దూరమైంది. అవతలి బల్లి వెళ్ళిపోతోంది. "టిక్... టిక్..." ఆ తర్వాత వినిపించలేదు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఇంకే చప్పుడూ లేదు.

"పలకలేదు" అంది హైమావతి నెమ్మదిగా.  "వద్దులే" అని గుళికలు మళ్ళీ డబ్బాలో పోసి మూత పెట్టింది.

 ఒక ప్రాణం నిలబడింది. తన జన్మకి వచ్చిన ఒక్క పిలుపూ పోయింది. రెండూ ఒకేసారి జరిగేసరికి సంతోషపడాలో బాధపడాలో బల్లికి తెలియలేదు. బాధే ఎక్కువగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పడం!

హైమావతి కుర్చీలో కూలబడి తొట్టివైపు చూస్తూ పైకి అనుకుంది. "పోనీ, బాషా గారు చెప్పినట్టే చేస్తే? లైటు ఆరు గంటలు. గింజలు నాలుగు. మొక్కని ముట్టుకోకుండా ఓపిక పట్టడం. అదొక్కటే చెయ్యలేదు నేను."

లైటు ఆరు గంటలంటే సాయంత్రం పురుగులుండవు. బల్లికి ఆ సంగతి బాగా తెలుసు.

"టిక్ టిక్ టిక్!" అంది బల్లి, గదంతా మోగేలా.

హైమావతి ఉలిక్కిపడి, టేబుల్ మీద తట్టి, "సత్యం, సత్యం" అంది. ఈసారి నవ్వు కోసం బల్లి చూడలేదు. కిటికీవైపు చూసింది. చూరు కిందనుంచి జవాబు రాలేదు.

ఆ సాయంత్రమే హైమావతి పాత బనీను గుడ్డతో గాజంతా తుడిచింది. తొట్టిలో మూడోవంతు నీళ్ళు తోడేసి, నిలవుంచిన నీళ్ళు పోసింది. వారానికోసారి అలాగే చేసింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు లైటు వేసి, దీపాలు పెట్టే వేళకి కొట్టునుంచి రాగానే ఆర్పేసేది. గింజలు నాలుగు. ఇసకలో వేలు పెట్టలేదు. పెట్టాలనిపించినప్పుడు చేతులు వెనక్కి కట్టుకునేది. నేను నిజంగానే చెబుతున్నాను, చేతులు వెనక్కి కట్టుకునే నిలబడేది.

బల్లి ఆకలితో పడుకోవడం నేర్చుకుంది. కొన్ని రోజులు మెట్ల దగ్గర దీపం దాకా వెళ్ళి ఒకటో రెండో పురుగులు పట్టుకునేది. కొన్ని రోజులు ఏవీ దొరికేవి కావు.

నెల దాటింది. ఒక పొద్దున ఇసకలోంచి చిన్న పచ్చటి కొస ఒకటి పైకొచ్చింది. గోరంత. రెండు రోజులకి ఇంకోటి. మూడు వేళ్ళలో రెండు బతికి ఉన్నాయి, నత్త పిన్ని చెప్పినట్టే. ఆకులు వచ్చాయి. ఆపైన ఒక మొక్క ఇసక కిందనుంచి తీగ పాకించి, బెత్తెడు దూరంలో పిల్లమొక్కని కూడా పెట్టింది. హైమావతి ఆ పిల్లమొక్కని చూపించడానికి రాజ్యలక్ష్మి గారిని చెయ్యి పట్టుకుని మేడ మీదికి లాక్కొచ్చింది. ఆవిడ కాఫీ తాగి, చీకటి పడేదాకా కబుర్లు చెప్పి మరీ వెళ్ళారు.

గాజు తేటబడింది.

మధ్యాహ్నం పూట బల్లి వెళ్ళి గాజుకి పొట్ట ఆనించి నిలబడింది. చేప కనిపించింది. చూసి చూసి దగ్గరికొచ్చింది.

"చిక్కిపోయావు బల్లక్కా" అంది.

బల్లి ఈసారి ఊ అనలేదు.

"ఆరోజు నీళ్ళ మీద ఆ అమ్మాయి చెయ్యి చూశాను. తెల్ల గుళికలు చూశాను" అంది చేప. "నువ్వు పలకలేదు."

"పలకలేదు" అంది బల్లి.

 చేప కొత్త ఆకు పక్కకి వెళ్ళి తోకతో చూపించింది. గాజు మూలన జిగురు బొట్టులాంటిది ఉంది. అందులో ఆవగింజలంతేసి నత్తపిల్లలు మెదులుతున్నాయి. నత్త పిన్ని వెళ్ళేముందు పెట్టిన గుడ్లవి. తుడిచేటప్పుడు గుడ్డ ఆ మూలకి చేరలేదు.

చేప ఆ పిల్లల్ని చూస్తూ అడిగింది. "పిన్ని మళ్ళీ వస్తుందా?"

బల్లికి కాదు అనడం అప్పటిదాకా రాదు. ఊ అంటే చేప సంతోషిస్తుంది. రేపు కూడా దగ్గరికొస్తుంది. ఊ అనడం ఎంత తేలిక!

"రాదు" అంది బల్లి. "నా వల్ల పోయింది. ఇక రాదు."

చేప మొక్కల వెనక్కి వెళ్ళిపోయింది. తను భయపడినట్టే వెళ్ళిపోయింది. బల్లి మాత్రం గాజు వదలలేదు. ఎండ గోడ మీద జానెడు జరిగింది. మరో జానెడు జరిగింది. అప్పుడు నీలం తోక కదిలింది. చేప మెల్లగా వచ్చి, బల్లి పొట్ట ఆనిన చోటే లోపలినుంచి ఆగింది.

"రేపు వస్తావా?" అంది చేప.

"ఊ" అంది బల్లి.

అదే ఊ. ఎన్నిసార్లు విన్న ఊ! కానీ ఈసారి చేప దాన్ని నమ్మింది.

అవతలి చూరు కింది బల్లి మళ్ళీ పిలవలేదు. గదిలో ఎవరూ ఏమీ అడగని వేళ చూసుకుని మన బల్లి కిటికీ ఊచ ఎక్కి, "టిక్ టిక్ టిక్" అని పిలుస్తుంది. చెవొగ్గి వింటుంది. జవాబు రాకపోతే దిగి, తొట్టి వెనక్కి వెళ్ళి నిలబడుతుంది.

నీతి: ఒంటరితనానికి జడిసి అందరికీ ఔనంటూ పోతే ఉన్న తోడు కూడా పోతుంది, కాదనవలసిన చోట కాదని చెప్పగలిగినప్పుడే మన ఔనుని ఎదుటివాళ్ళు నమ్ముతారు.